రాసినవారి సమ్మతి

“ఇవాళ ఏం ఊడుస్తున్నావోయ్ ఆఫీసులో?”

జవాబు కోసం అడిగిన మాట కాదు అది. ఇస్త్రీ చొక్కా కోసం చెయ్యి చాపుతూ భర్త రోజూ అనే మాట. ఆమె కాలరు మీద ఇంకోసారి పెట్టె తిప్పి చొక్కా అందించింది. అతను తొడుక్కుంటూ అద్దంలో గడ్డం చూసుకున్నాడు.

ఇద్దరిదీ ఒకే కంపెనీ. అక్కడ కంప్యూటర్లను నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేస్తారు. అందులో కెర్నల్ అనే భాగం ఇంటికి పునాది లాంటిది. పైన గదులు ఎన్నిసార్లు మార్చుకున్నా కిందున్నది కదలకూడదు. ఆ కెర్నల్‌కి సంబంధించిన పెద్ద తలకాయల్లో అతనొకడు. పై అంతస్తులో గాజు గది. ఆమె కింది అంతస్తులో, పాతబడిన కోడ్‌ని వెతికి, ఇంకెవరూ వాడటం లేదని రూఢి చేసుకుని, దాన్ని తీసేసే విభాగంలో. కొత్తది కట్టేవాళ్ళకి చప్పట్లు. పాతది తీసేసేవాళ్ళకి ఏదైనా విరిగితే చీవాట్లు, విరక్కపోతే ఏమీ లేదు. “మా ఆవిడకి ఇంట్లోనూ చీపురే, ఆఫీసులోనూ చీపురే” అని ఇంటికొచ్చినవాళ్ళ ముందు అతను అంటే అందరూ నవ్వేవారు. ఆమె కూడా నవ్వేది. నవ్వకపోతే “జోకు కూడా అర్థం కాదు ఈవిడకి” అని రెండో మాట పడాలి. రెండు పడేకంటే ఒకటి పడటం మేలు కదా.

కానీ ఆ రోజు ఆమె దగ్గర నిజంగానే ఒక జవాబు ఉంది. అది గొంతు దాటి రాలేదు. “ఏదో పాతదేలెండి” అంది.

ముందురోజు మేనేజరు ఆమె బల్ల దగ్గరికి కుర్చీ లాక్కుని మరీ కూర్చున్నాడు. “మేడమ్, ఆ దశాంశాల కోడ్ ఇక తీసేద్దామండీ. దాన్ని వాడే యంత్రం ఈ భూమ్మీద లేదు. పక్కన ఎక్కడ ఏ చిన్న మార్పు చేసినా దీన్నీ సవరించాలి, దీన్నీ పరీక్షించాలి. చచ్చినవాడికి వైద్యం చేస్తున్నట్టుంది.” చెప్పి లేవబోయి, ఏదో గుర్తొచ్చినట్టు మళ్ళీ నవ్వాడు. “రూలు ప్రకారం రాసినవారి సమ్మతి తీసుకోవాలి. మీకేం ఇబ్బందండీ, రాసినవారు మీ ఇంట్లోనే ఉన్నారుగా!”

అవును. ఇంట్లోనే ఉన్నారు.

ఆమెకి పెళ్ళయిన కొత్తలో కంప్యూటర్ల చిప్పులకి పూర్ణసంఖ్యలే వచ్చేవి. దశాంశాల లెక్క చెయ్యాలంటే వేరే చిప్పు కొని పక్కన బిగించుకోవాలి. దాని ఖరీదు చూసి చాలామంది బిగించుకునేవారు కాదు. అలాంటి యంత్రం మీద ఏ ప్రోగ్రామైనా దశాంశం అడిగితే చిప్పు చేతులెత్తేసేది. అప్పుడు కెర్నల్‌లో ఒక ముక్క ముందుకొచ్చి, ఆ లెక్కని పూర్ణసంఖ్యలతోనే కిందా మీదా పడి చేసి, జవాబు తెచ్చి ప్రోగ్రాము చేతిలో పెట్టాలి. చిప్పు లేదన్న సంగతే ప్రోగ్రాముకి తెలియకూడదు. ఆ ముక్క రాసే పని కంపెనీ ఆమె భర్తకి అప్పగించింది. అతను చురుకైనవాడే, కాదనడానికి లేదు. కానీ లెక్కలంటే ఓపిక తక్కువ. నెలలు గడిచాయి. కూడికలు వచ్చాయి గానీ భాగహారం దగ్గర బండి బురదలో దిగబడింది.

ఆమె అప్పుడు కాన్పు సెలవులో ఉంది. ఆమె కూడా అదే కంపెనీలో అతనితోపాటు చేరిన మనిషే, కాలేజీలో లెక్కల్లో అతనికంటే ఎప్పుడూ ఒక మెట్టు పైనే. ఒక సాయంత్రం అతను విసుగ్గా కాగితాలు బల్ల మీద పడేస్తే, పాపని భుజం మీద వేసుకుని తిరుగుతూ ఆమె వాటిని చూసింది. “ఇక్కడ శేషాన్ని ముందే సర్దేస్తున్నారండీ. చివర్న సర్దాలి” అంది. మర్నాడు అతను ఆఫీసు నుంచి ఒక కంప్యూటర్ ఇంటికి తెచ్చాడు. పాప నిద్రపోయిన మధ్యాహ్నాలన్నీ ఆమె దాని ముందే గడిపింది. కుట్లు ఇంకా సలిపేవి. కింద దిండు వేసుకుని కూర్చునేది. రొమ్ములు బరువెక్కి జాకెట్టు తడిసిపోతే తువ్వాలు అడ్డం పెట్టుకుని, ఈ ఒక్క వరుస, ఈ ఒక్క వరుస అనుకుంటూ రాసేది. అలసట ఉండేది, నిజమే. అయినా ఆ కొద్ది గంటలు ఆమె ఎవరికీ భార్య కాదు, ఎవరికీ కోడలు కాదు. సంఖ్యలు ఆమె చెప్పినట్టు వినేవి. అంత సుఖం ఆమె మళ్ళీ ఎరగదు.

రాసినదాన్ని అతను ఫ్లాపీలో పెట్టుకుని పట్టుకెళ్ళేవాడు. సెలవులో ఉన్నవాళ్ళకి ఆఫీసు యంత్రాల్లోకి ప్రవేశం ఉండేది కాదు కాబట్టి అతని పేరు మీదే ఎక్కించాడు. అందులో మోసమేమీ లేదు. అప్పుడు “మనం” అనేవాడు. “మనం భాగహారం దాటేశాం”, “మనం వర్గమూలం పట్టేశాం.” ఆమెకి ఆ “మనం” చాలు అనిపించేది.

ఒక మధ్యాహ్నం పాప మంచం మీంచి దొర్లి పడింది. కనుబొమ మీద చిట్లి రక్తం కారింది. పక్కగదిలోంచి అత్తగారు పరుగెత్తుకొచ్చి పాపని ఎత్తుకుని, “కన్నతల్లివేనా నువ్వు? ఆ డబ్బాని కన్నావా, దీన్ని కన్నావా?” అంది. సాయంత్రం అతను వచ్చేదాకా, వచ్చాక కూడా అదే పాట. అతను తల్లిని ఆపలేదు. గదిలోకొచ్చాక మాత్రం, “పోనీలే, ఆ దశాంశాల్ని గుండ్రం చేసే భాగం, అదే రౌండింగ్, అయిపోయిందా?” అని అడిగాడు. అయిపోయింది అని ఆమె చెప్పింది.

ఆ కోడ్ పెద్ద హిట్టు. అతనికి పదోన్నతి వచ్చింది. ఆఫీసులో “దశాంశాల సార్” అన్న పేరు వచ్చింది. ఆమె సెలవు అయిపోయింది గానీ, అత్తగారు ఊరెళ్ళిపోయాక పాపని చూసేవాళ్ళు లేరని రాజీనామా ఇచ్చింది. పాప కాలేజీకి వెళ్ళాక తిరిగి చేరితే, “ఇంత గ్యాప్ ఉంది కదండీ” అని అడుగునుంచి మొదలుపెట్టించారు. ఈ మధ్యలో ఏదో ఒకచోట, ఏ విందులోనో ఏ సన్మానంలోనో, “మనం” వెళ్ళిపోయి “నేను” వచ్చి కూర్చుంది. అది ఎప్పుడు జరిగిందో చూద్దామంటే ఆమెకి దొరకదు. జుట్టు ఏ రోజు నెరిసిందో ఎవరికి తెలుస్తుంది?

ఆ రోజు సాయంత్రం బీన్స్ తరుగుతూ, టీవీ ముందున్న భర్తతో చెప్పింది. “ఆ దశాంశాల కోడ్ తీసేయమన్నారండీ మేనేజరు.”

అతను టీవీ గొంతు తగ్గించాడు. “ఏదీ? నాదా?”

ఆమె కత్తి ఆగింది. చెప్తాడేమో అని చూసింది. “మనది” అన్నా చాలు.

“సర్లే. తీసెయ్యాలిగా ఎప్పటికైనా” అన్నాడు అతను. “నీకు ఊడ్చే పనేలే, పాతది కనిపిస్తే తీసేస్తావు. రాసినవాడికి తెలుస్తుంది ఆ బాధ. ఎన్ని నెలలు తిండీ నిద్రా లేవనుకున్నావు! ఆ భాగహారం నా ప్రాణం తోడేసింది. నువ్వు చూడలేదు, నీకేం తెలుసు. అప్పుడు నువ్వు పాపతో ఉన్నావు.”

కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అద్దాలనే కాదు, కళ్ళని కూడా.

ఆమె అతని మొహం వెతికింది. ఎక్కడైనా ఒక తప్పించుకునే చూపు, ఒక తడబాటు, అబద్ధమాడే మనిషి పెదవి చివర ఉండే ఆ చిన్న వణుకు. ఏమీ లేదు. నిజంగా బాధపడుతున్నాడు. తన చేత్తో రాసుకున్నదాన్ని పోగొట్టుకుంటున్న మనిషి బాధ అది. దొంగయితే ఎవరి ఇంట్లో దొంగిలించాడో వాడికైనా గుర్తుంటుంది కదా అనుకుంది ఆమె. ఆ ఆసరా కూడా లేకపోయింది. తరిగిన బీన్స్ మళ్ళీ ఇంకోసారి కడిగింది. ఎందుకు కడిగిందో తనకే తెలియదు.

ఆ వారం మీటింగు పెట్టారు. కోడ్ తీసేసే ముందు దాని మీద ఇంకేదైనా ఆధారపడి ఉందేమో చూడాలి. కొత్తగా వచ్చిన ఇంజనీరు ఒకమ్మాయి ఉంది. చీమ తలకాయంత తప్పునైనా పట్టేస్తుందని అందరూ “భూతద్దం” అని పిలుస్తారు. ఆ అమ్మాయి ఆ కోడంతా చదువుకుని వచ్చింది. “దశాంశాల సార్‌ని కూడా పిలవండి, ఆయన నోటివెంటే వింటే బాగుంటుంది” అని అడిగిందట. అతను నవ్వుతూ వచ్చి బల్ల చివర కూర్చున్నాడు. మేనేజరు లేచి కుర్చీ సర్దాడు.

“సార్, అంతా బావుంది. ఒక్కటే అర్థం కాలేదు” అంది భూతద్దం. “సంఖ్యని గుండ్రం చేసేటప్పుడు కుడిపక్క అంకెలు రాలిపోతాయి కదా. రాలిపోయేవాటి కోసం ఇక్కడ ఒక గడి వేరుగా పెట్టారు. ఆ గడిలో సంఖ్య ఉండదు, ఏదో గుర్తు ఉంటుందంతే. ఇంకో బృందం వాళ్ళు ఈ ముక్కని అరువు తీసుకుని వాడుకుంటున్నారు. తీసేస్తే వాళ్ళ లెక్క తప్పుతుందా? ఎందుకు పెట్టారు సార్ అది?”

అతను ముందుకు వంగాడు. తెర వంక చూశాడు. “అది... ఆ రోజుల్లో జ్ఞాపకశక్తి, అంటే మెమరీ తక్కువ కదమ్మా...” అని ఆగాడు. అప్పుడు తల తిప్పి ఆమె వైపు చూశాడు. విందుల్లో ఎవరి పేరో తట్టనప్పుడు, ప్రయాణంలో మందుబిళ్ళలు కనిపించనప్పుడు చూసే చూపు. దానికి ఆమె ఎప్పుడూ వెంటనే పలుకుతుంది. వేడి గిన్నె తగిలితే చెయ్యి దానంతట అది వెనక్కొచ్చినంత వేగంగా.

“సార్ అప్పట్లో చెప్తుండేవారు” అంది ఆమె. “రాలిపోయిన అంకెల్లో ఏ ఒక్కటైనా సున్నా కానిది ఉంటే, ఆ సంగతి ఆ గడి గుర్తుపెట్టుకుంటుంది. ఎంత పోయిందో చెప్పదు. ఏదో పోయిందని మాత్రం చెప్తుంది. సరిగ్గా సగం దగ్గర తెగినప్పుడు, పైకి పోవాలా కిందికి పోవాలా అని అదే తేలుస్తుంది. అది లేకపోతే జవాబు ఒక్క పిసరు తప్పుతుంది. ఆ బృందానికి ఆ ముక్క విడిగా ఇచ్చేసి మిగతాది తీసెయ్యొచ్చు.”

“అదే, అదే” అన్నాడు అతను బల్ల తడుతూ. అందరూ తలలూపారు. భూతద్దం మాత్రం ఆమె వైపు రెండు క్షణాలు ఎక్కువ చూసింది.

బయటికొచ్చాక అతను లిఫ్టు దగ్గర ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. ఆఫీసులో ఎప్పుడూ వెయ్యడు. “భలే గుర్తుపెట్టుకున్నావే నేను చెప్పింది” అన్నాడు. ఎంతో ప్రేమగా అన్నాడు.

లిఫ్టు తలుపులు మూసుకున్నాయి. ఆమె మెట్ల దారిన దిగింది. సగంలో, సిగరెట్లు కాల్చేవాళ్ళు నిలబడే మలుపు దగ్గర కూర్చుండిపోయింది. ఏడుపు రాలేదు. వచ్చి ఉంటే బాగుండేది. అక్కడ కూర్చున్నాక ఒక సంగతి మెల్లగా తెలిసొచ్చింది. “సార్ చెప్తుండేవారు” అన్నప్పుడు తనకి అది అబద్ధమని తోచలేదు. నోట్లో ఆ మాట నిజంలాగే ఆడింది. అతను మర్చిపోయాడని ఇన్ని రోజులుగా కుమిలిపోతోంది గానీ, తను కూడా మర్చిపోతోంది. ఇంకొన్నేళ్ళు పోతే, ఆ మధ్యాహ్నాలు ఇద్దరిలో ఎవరి దగ్గరా మిగలవు.

ఆదివారం కూతురు వీడియో కాల్ చేసింది. వేరే ఊళ్ళో ఉద్యోగం. కొత్త ఫ్లాటు చూపిస్తూ, కనుబొమ మీది మచ్చకి పెన్సిల్ దిద్దుకోవాల్సి వస్తోందని నవ్వింది. “మీ అమ్మ కంప్యూటర్ మోజులో పడేసిందమ్మా నిన్ను” అన్నాడు అతను ఎప్పటిలాగే. ఆ కథ ఇంట్లో అందరికీ వచ్చు. ఆమె కూడా ఎప్పుడూ వినే కథే. కాని ఆ రోజు, కాల్ అయిపోయాక, ఆమె బట్టలు మడతపెడుతూ అడిగింది.

“ఏవండీ, పాప పడిన రోజు నేను కంప్యూటర్ ముందు ఏం చేస్తున్నాను?”

“ఏం చేస్తున్నావు?” అతను ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. “ఏదో టైపింగ్ నేర్చుకుంటున్నావు కదూ? నేనే తెచ్చిపెట్టా, ఇంట్లో ఊరికే కూర్చుంటే నీకు తోచదని.”

ఆమె చేతిలో అతని బనీను ఉంది. దాన్ని మడతపెట్టి దొంతర మీద పెట్టింది. ఇంకోటి తీసుకుంది. బిడ్డ కనుబొమ మీది గాయానికి ఆ కోడ్ ఆమెది. పదోన్నతికి, పేరుకి, చప్పట్లకి అతనిది. ఒక్క ఇంట్లో, ఒక్క మనిషి తలలో ఈ రెండు కథలూ పక్కపక్కనే ఇన్నేళ్ళు కాపురం చేశాయి, ఒకదాన్నొకటి పలకరించుకోకుండా. ఆమె అరవలేదు. అరిస్తే ఏమవుతుంది? “ఇప్పుడేంటి, నీకూ పేరు కావాలా? చెప్పు, రేపే చెప్పేస్తాను అందరికీ” అంటాడు. అదీ అతను పెట్టే భిక్షే అవుతుంది. ఇంతకాలం సంసారంలో ఆమె నేర్చుకున్నది ఏదైనా ఉంటే అది ఇదే. అడిగి పుచ్చుకున్నది తనదైనా, ఇచ్చినవాడిదే అవుతుంది.

సోమవారం ఉదయం ఆఫీసులో కూర్చుని ఆ ఫైళ్ళు ఒక్కొక్కటే తెరిచింది. తీసేసే ముందు చదవాలని నియమమేమీ లేదు. అయినా చదివింది. కూడిక, తీసివేత, గుణకారం. మెట్టు మెట్టుకీ ఒక ఖాళీ వరుస వదిలే అలవాటు తనదే. స్కూల్లో లెక్కల టీచరు నేర్పింది, ఊపిరి పీల్చుకోవడానికి చోటు వదలండమ్మా అని. ఒకచోట “ఇది ఇంకా చూడాలి” అని సగంలో ఆగిన మాట. అక్కడే పాప ఏడ్చి ఉంటుంది. ఒకచోట ఎంత అందంగా ఉందంటే, రెండుసార్లు చదివి, ఎవరో పరాయి అమ్మాయిని మెచ్చుకున్నట్టు “ఎంత బాగా రాశావే పిల్లా” అంది పైకే. పక్క కుర్చీ అతను తల తిప్పి చూశాడు.

అప్పుడు వచ్చింది ఏడుపు. రుమాలు అడ్డం పెట్టుకుని, జలుబులాగా ఏడ్చింది. కోడ్ పోతున్నందుకు కాదు. పాతది పోవాలి, అందులో ఆమెకి రెండో మాట లేదు. చిప్పులన్నీ దశాంశాలు నేర్చుకున్నాక ఇదెందుకు? ఆ పిల్ల కోసం ఏడ్చింది. కుట్లు సలుపుతుంటే దిండు మీద కూర్చుని, తడిసిన జాకెట్టుతో, ప్రపంచంలో ఇంత బాగా భాగహారం చేయగలిగిన పిల్ల, మళ్ళీ ఎప్పుడూ ఏదీ రాయలేదు.

గుండ్రం చేసే ముక్కని విడదీసి ఆ బృందానికి అప్పజెప్పింది. మిగతాదంతా తీసేసింది. యంత్రాల మీద పరీక్షలు నడిపింది. ఏదీ విరగలేదు. ఇక మార్పుతోపాటు పంపే వివరం రాయాలి. ఎందుకు తీసేస్తున్నారో రాసింది, మామూలుగా ఎప్పుడూ రాసే మాటలే. చివర్న “రాసినవారి సమ్మతి” అన్న దగ్గర ఆగింది. చెయ్యి అలవాటుగా అతని పేరు మొదలుపెట్టి రెండక్షరాలు కొట్టింది. చెరిపేసింది.

“ఉంది. ఈ కోడ్ నా కూతురు పుట్టిన నెలల్లో ఇంట్లో నేను రాశాను. సెలవులో ఉన్నందున నా భర్త పేరు మీద ఎక్కించాం. తీసేయడానికి నేను సమ్మతిస్తున్నాను.” కింద తన పేరు పెట్టి పంపేసింది.

మేనేజరు మధ్యాహ్నానికి ఆమోదం ఇచ్చేశాడు. అతను అలాంటివి చదవడని ఆమెకి తెలుసు. చదివింది భూతద్దమే. టీ కప్పు పట్టుకుని వచ్చి బల్ల పక్కన నిలబడింది. “ఆ రోజే అనుకున్నాను మేడమ్” అంది. ఇంకేదో అనబోయి, “ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?” అని అడిగింది.

“చెప్పేదేముందమ్మా. ఇంట్లో ఎవరి పేరైతేనేం అనుకున్నాను” అంది ఆమె. “పేరు పోతే పోయింది. చేసిన మనిషి కూడా దాంతోపాటే పోతుందని తెలీలేదు.”

సాయంత్రం అందరూ వెళ్ళిపోయే వేళకి అతను కింది అంతస్తుకి వచ్చాడు. కోడ్ అతని పేరు మీద ఉంది కాబట్టి అతనికీ వెళ్ళిన ఆ వివరాన్ని కాగితం మీద అచ్చు తీసుకుని వచ్చాడు. కోపంగా ఉంటాడనుకుంది ఆమె. దానికి సిద్ధపడి కూర్చుంది కూడా. అతని మొహంలో కోపం లేదు. దారి తప్పినవాడి బెదురుంది. పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“ఇది నిజమా?” అన్నాడు.

ఆమె తెర మీద తెరిచి ఉన్న ఫైళ్ళు ఒక్కొక్కటే మూసింది.

“నేను... నువ్వు చూసి పెట్టావని తెలుసు. ఏవో కొన్ని తప్పులు దిద్దావు. అది గుర్తుంది. కానీ...” కాగితం వంక చూశాడు. “భాగహారం రాసినట్టు నాకు గుర్తుంది. మా బల్ల, పక్కన దీపం. నేను రాస్తున్నట్టు కనిపిస్తోంది కళ్ళకి. అది నువ్వా? నేను చూస్తూ నిలబడ్డానా?” కాగితం ఆమె ముందు పెట్టాడు. “నువ్వు చెప్పు. ఎలా జరిగిందో మొదట్నుంచీ చెప్పు. నువ్వు చెప్తే నాకు గుర్తొస్తుంది.”

ఆమెకి అంతా నాలుక మీదే ఉంది. బల్ల మీద పడేసిన కాగితాలు, భుజం మీద పాప, దిండు, ఫ్లాపీ, అత్తగారి మాటలు. ఒక్క మాట మొదలుపెడితే చాలు. అతనికి అన్నీ గుర్తొస్తాయి. ఏడుస్తాడు. అతన్ని ఓదారుస్తుంది. ఇంటికెళ్ళేసరికి ఆ జ్ఞాపకం కూడా ఆమె చేసిపెట్టిందే అయి, అతనిదే అయి కూర్చుంటుంది.

ఆమె కంప్యూటర్ కట్టేసింది. బ్యాగు భుజానికి తగిలించుకుంది. అతని వైపు చూసినప్పుడు జాలి వేసింది. ఇన్నేళ్ళ జాలి, అంత తొందరగా పోయేది కాదు. అయినా ఈ ఒక్క పనీ అతని కోసం తను చేసిపెట్టదలచుకోలేదు.

“మీరే గుర్తు తెచ్చుకోండి” అంది.